ఆశ్రమవాసపర్వమున వృత్తివిరమణము

మహాభారతమునందలి పదునెనిమిది పర్వములలో ఆశ్రమవాసపర్వము పదునైదవది. సంస్కృతమున దీనికి ఆశ్రమవాసికపర్వమని పేరు. ఆశ్రమవాసము, పుత్రదర్శనము, నారదాగమనము అని ఇందు మూడు ఉపపర్వములు కలవు. పరిమాణమున చిన్నది. యుద్ధపర్వముల సంరంభము ముగిసి, శాంత్యానుశాసనికములందలి ఉపదేశము ముగిసి, అశ్వమేధమును ముగిసినపిమ్మట వచ్చునది. మీదట మౌసలపర్వమున రానున్న యాదవనాశము వంటి మహావిపత్తు ఇందు లేదు. అందుచేతనే కాబోలు, మన విద్యార్థులు విరాటోద్యోగపర్వములను చదివినంత శ్రద్ధతో దీనిని చదువరు.

ఈ పర్వమును గూర్చి సామాన్యముగా వినవచ్చు మాట యొకటి కలదు. వృద్ధుడైన ధృతరాష్ట్రుడు సంసారమున విరక్తుడై, భార్యతోను పరిజనముతోను అడవి కేగి, తపస్సు చేసి, దావాగ్నిలో దేహము చాలించినాడు. కావున ఇది వైరాగ్యబోధకమగు పర్వము అని. ఈ మాటకు ఆలంకారికుల అండయు లేకపోలేదు. ధ్వన్యాలోకకర్త నాల్గవ ఉద్ద్యోతమున భారతమునకు శాంతము అంగిరసమనియు, మోక్షము పరమపురుషార్థమనియు నిర్ణయించి, వృష్ణులయు పాండవులయు విరసమైన అవసానమును అందులకు ఆధారముగా చూపినాడు. సమగ్రభారతమును గూర్చి ఆ నిర్ణయము ఎంత సమంజసమైనను, దానిని ప్రతిపర్వముమీదను ఒక ముద్రవలె వేయుట విమర్శకు మేలు చేయదు. ఆనందవర్ధనుడు అచ్చట పేర్కొన్నది వృష్ణిపాండవులనే కాని ధృతరాష్ట్రుని కాదని కూడ మనము మఱువరాదు.

మా దృష్టిలో ఈ పర్వము విరక్తిని గూర్చినది కాదు; పని పోయిన మనుష్యులను గూర్చినది. ఒక రాజు, ఒక మంత్రి, ఒక సూతుడు, ఇద్దఱు రాణులు ఒకే దినమున ఒకే నగరద్వారమునుండి వెడలిరి. ఒకే అడవిలో నారచీరలు కట్టి బ్రదికిరి. అయినను వారి వనవాసములు ఒక్కటి కావు. ఎవడు ఏ పనిలో వయస్సు గడపెనో ఆ పని వానివెంట అడవికి పోయినది. కొందఱ కది మోయరాని బరువైనది. కొందఱ కది చేతికఱ్ఱ యైనది. వ్యాసుడు ఈ భేదమును ఎచ్చటను సిద్ధాంతముగా చెప్పలేదు. ఎవడు ఏమి తినెను, ఎవడు ఎవని చేయి పట్టుకొని నడచెను, ఎవడు మాటాడెను, ఎవడు మానెను అను చిన్న విషయములలో దానిని నిక్షేపించినాడు. ఆ చిన్న విషయములను ఏరి చూచుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

తిక్కనసోమయాజి విరాటపర్వము మొదలుకొని స్వర్గారోహణపర్వము వఱకు పదునైదు పర్వములను తెనిగించినాడు. వాటిలో ఇదియు నొకటి. మనుమసిద్ధి కొలువున మంత్రియై యుండి, నిర్వచనోత్తరరామాయణమును రాజునకును, భారతమును హరిహరనాథునకును అంకితమిచ్చిన కవికి మంత్రిపదవియన నేమో, దానినుండి తొలగుట యన నేమో తెలియకుండునా యని అడుగవలెనని తోచును. కాని కృతిభర్త మాఱినంత మాత్రమున కవిజీవితమును ఊహించి వ్రాయుట మా పని కాదు. తిక్కన పద్యశిల్పము ప్రత్యేకముగా పరిశీలింపదగినది. ఇందు మేము కథాసంవిధానమును మాత్రమే గ్రహించుచున్నాము. వివరములు మూలము ననుసరించినవి.

మొదట ఒక మాట విచారింపవలసి యున్నది. పని మానవలసిన వేళ యేది? మనుస్మృతి ఆఱవ అధ్యాయమున దీనికి సంఖ్య చెప్పలేదు. ఒడలిపై ముడుతలును తలపై నెరపును కనబడినప్పుడు, కొడుకునకు బిడ్డ కలిగినప్పుడు గృహస్థు అడవికి పోవలెనని చెప్పినది. అనగా వేళను నిర్ణయించునవి ఒకటి తన శరీరము, రెండవది తన స్థానమున నిలువగల మఱియొకడు పుట్టి యుండుట. మన కాలమున సంఖ్య యొక్కటియే నిర్ణయించుచున్నది. ఆ సంఖ్యయు నిలుకడ గలది కాదు. సమైక్య ఆంధ్రప్రదేశమున ప్రభుత్వోద్యోగుల విరమణవయస్సును 1983లో 58 నుండి 55కు తగ్గించి, తరువాత మరల 58 చేసిరి. విభజనానంతరము ఆంధ్రప్రదేశమున అది 2014లో 60, 2022లో 62 అయ్యెను. తెలంగాణమున 2021లో 61 అయ్యెను. ఇట్లు సంఖ్య మాఱినపుడెల్ల ఒకనికి అయాచితముగా పని దొరకును, మఱియొకనికి అకాలముగా పని పోవును.

ధృతరాష్ట్రునకు మనువు చెప్పిన లక్షణములన్నియు ఉన్నవి. ముడుతలు కలవు, నెరపు కలదు. మనుమడును కలిగెను, కాని ఆ లక్ష్మణకుమారుడు ద్రోణపర్వముననే అభిమన్యుని చేత కూలెను. నూర్గురు కొడుకులలో ఒక్కడును మిగులలేదు. పని నప్పగించుటకు వారసుడు లేక పని మానవలసిన వాడు ధృతరాష్ట్రుడు. శాస్త్రము ఊహింపని స్థితి యిది. ఈ పర్వమును కేవలము ఆశ్రమధర్మమునకు ఉదాహరణముగా చదువుటకు ఇదియే మొదటి యడ్డంకి.

యుద్ధము ముగిసిన తరువాత పదునైదేండ్లు ఆతడు హస్తినాపురముననే యుండెను. ఈ పదునైదేండ్ల వర్ణనము మిక్కిలి సూక్ష్మమైనది. యుధిష్ఠిరుడు ప్రతికార్యమును ఆతని నడిగియే చేసెడివాడు. మునుపటివలెనే అరాళికులు, సూపకారులు, రాగఖాండవికులు ఆతనికి వంటలు చేసెడివారు. విలువగల వస్త్రములు, పూలు అన్నియు మునుపటివలెనే జరిగినవి. ఆతడు చెఱలోనున్నవారిని విడిపించెను. వధ్యులను కూడ విడిచిపెట్టించెను. ధర్మరాజు ఒకనాడును ఇదేమి యని అడుగలేదు. చదువుటకు ఇది భోగముగానే కనబడును. కాని రాజునకు వేయవలసిన ప్రశ్న యొకటి కలదు. తాను చేసిన పనిని ఎవరును ప్రశ్నింపకుండుట అధికారమునకు గుర్తా, అధికారము లేదనుటకు గుర్తా? నిజముగా పాలించువానికి మంత్రి అడ్డుచెప్పును, కోశాధ్యక్షుడు లెక్క చూపును. ధృతరాష్ట్రుని ఆజ్ఞలకు అడ్డు లేదు. ఏలయన అవి రాజ్యమును కదలింపగల ఆజ్ఞలు కావు. మర్యాదకొఱకు పొడిగింపబడిన కొలువు అది.

ఈ మర్యాద నంతయు ఒక్క భీముడు మన్నింపలేదు. మిత్రులనడుమ భుజములు చఱచి, చందనము పూసిన ఈ చేతులతోనే గదా సపుత్రబాంధవుడగు దుర్యోధనుని మట్టుపెట్టితినని, వృద్ధదంపతుల చెవిని పడునట్లుగా పలికెను. ధర్మరాజు గాని, అర్జునుడు గాని, కుంతి గాని, ద్రౌపది గాని దీని నెఱుగరు. రాజును అడవికి వెడలించినది ఉపనిషత్తు కాదు, ఈ మాట. అప్పటికే ఆతడు రహస్యముగా నాల్గవపూటనో ఎనిమిదవపూటనో తినుచు, నేలపై దర్భలు పఱచుకొని పండుకొనుచుండెను. ఒక్క గాంధారికి తప్ప ఇంటిలో ఎవరికిని తెలియదు. పైకి రాజభోగము, లోపల ఉపవాసము. దీనిని వైరాగ్యమనవచ్చునా? వైరాగ్యమునకు రహస్యముతో పనిలేదు. ఇది అవమానమును దాచుకొనుట.

అడవికి పోవుటకు అనుమతి దొరకుటయే ఆతనికి కష్టమైనది. వ్యాసుడు వచ్చి చెప్పినగాని ధర్మరాజు ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నతోడనే వృద్ధరాజు రాజనీతి నుపదేశింప మొదలిడెను. చారులను ఎట్లు నియమింపవలెను, మంత్రులను ఎట్లు పరీక్షింపవలెను, కోశమును దుర్గమును ఎట్లు కాపాడుకొనవలెను అని చాల చెప్పెను. మంత్రగృహమున కోతులు, మనుష్యుల ననుకరించు పక్షులు ఉండరాదని కూడ హెచ్చరించెను. శకుని మాట తన సభలో చెల్లుచున్నంతకాలము ఊరకుండినవాడు మంత్రరక్షణమును బోధించుచున్నాడు! చదువరికి నవ్వు వచ్చుట సహజము. కాని యుధిష్ఠిరుడు నవ్వలేదు. భీష్ముడు పోయినాడు, కృష్ణుడు దూరమున నున్నాడు, విదురసంజయులును మీవెంటనే పోవుచున్నారు, ఇక నాకు చెప్పువారెవరు అని ఆ మాటలను గౌరవముతో స్వీకరించెను. తాను ఆచరింపని దానిని చెప్పుటకు మనుష్యునకు హక్కు కలదా యను ప్రశ్నను వ్యాసుడు తేల్చలేదు. విఫలుడైన పాలకునికి సాఫల్యమార్గము తెలియకపోదని మాత్రము సూచించినాడు. ఆతనికి లేనిది తెలివి కాదు.

తరువాత పౌరజానపదులను రప్పించి వీడ్కోలడిగెను. తానును తన కొడుకును చేసిన తప్పులను క్షమింపుడని వేడెను. జనులు ఏడ్చిరి. వారి పక్షమున సాంబుడను బ్రాహ్మణుడు, ఋగ్వేదవేత్త, ప్రత్యుత్తరమిచ్చెను. దుర్యోధనుడు మాకు ఏ కీడును చేయలేదు, కులక్షయము దైవకృతము, నీదోషము లేదు అని ఆతడు చెప్పిన సారము. వీడ్కోలుసభలలో దోషము లెన్నుట ఆనాడును ఆచారము కాదని తెలియుచున్నది. అయినను ఈ సభను వట్టి లాంఛనముగా త్రోసివేయరాదు. తన పాలనను గూర్చి పాలితుల నోట ఒక మాట వినవలెనను కోరిక రాజునకే విశిష్టమైనది. మంత్రికిగాని సూతునకుగాని అట్టి సభ జరుగలేదు, వారు కోరనులేదు.

అటుపిమ్మట ధనప్రసంగము. భీష్మద్రోణులకు, సోమదత్తబాహ్లికులకు, తన కొడుకులకు శ్రాద్ధము చేయవలెను, ధనము కావలెనని విదురునిచేత కబురంపెను. ఒకనాడు ధారపోసిన చేయి చాపవలసివచ్చినది. భీముడు కాదనెను, భీష్మాదులకు మేమే చేయుదుము, కర్ణునకు కుంతి చేయును, దుర్యోధనాదులకు ఈయరాదు అనెను. అర్జునుడు అన్నను బతిమాలెను. ధర్మరాజు తన సొంత ధనమునుండి తీసికొమ్మని చెప్పి పంపెను. ఈ ఘట్టమున కవి ఎవని పక్షమును వహింపలేదు. భీముని కోపమునకు కారణమున్నది, ముసలివాని అక్కఱకును కారణమున్నది. తనకు రావలసిన దానికై ఒకప్పటి తన కార్యాలయపు గడపయందే నిలిచిన వృద్ధుల నెఱిగిన పాఠకునకు ఈ ఘట్టమున వ్యాఖ్యానము అక్కఱలేదు.

కార్తిక పూర్ణిమనాడు ఇష్టి నిర్వర్తించి, వర్ధమానద్వారమున ధృతరాష్ట్రుడు నగరము వెడలెను. ముందు కుంతి, ఆమె భుజముపై కన్నులకు గంత కట్టుకొనిన గాంధారి చేయి, గాంధారి భుజముపై రాజు చేయి. కురుక్షేత్రమున శతయూపుడను రాజర్షి ఆతనికి ఆశ్రయమిచ్చెను. శతయూపుడు కేకయదేశమున కొడుకునకు పట్టము గట్టి వచ్చినవాడు. వ్యాసుని యాజ్ఞచే ఆతడే ఆరణ్యకవిధి యంతయు కొత్తవానికి నేర్పెను. రాజునకు రాజే గురువు కావలసివచ్చుట గమనింపదగినది. విరమించిన రాజు ఎట్లు బ్రదుకవలెనో మునికంటె విరమించిన రాజునకే బాగుగా తెలియును. నారదుడు వచ్చి ఆ తపోవనమున సిద్ధిపొందిన వారిని పేర్కొనునపుడును రాజులనే పేర్కొనెను. ధృతరాష్ట్రునకు ఆతడు చెప్పిన గతియు కుబేరలోకమే. తపస్సు చేసినను రాజునకు దొరకునది మఱియొక రాజు కొలువే!

ఈ రాజు మాఱినాడా? ఎముకలును చర్మమును మిగిలి, జడలు గట్టి, దేహమున మాఱినాడు. కాని పాండవులు చూడవచ్చినపుడు ఆతని మొదటి ప్రశ్నలను వినవలెను. నాయనా, తమ్ములతోను పౌరులతోను కుశలమా? నిన్ను ఆశ్రయించినవారు, మంత్రులు, భృత్యులు, గురువులు సుఖముగా నున్నారా? ఇది మునుపు రాజులు రాజుల నడిగిన కుశలప్రశ్నల వరుస. నారచీర కట్టిన నోటినుండి సింహాసనపు భాష వెలువడినది. మేము దీనిని దోషముగా చెప్పుటలేదు. నలువదేండ్లు ఒక భాష మాటాడినవానికి మఱియొక భాష రాదు.

స్త్రీల సంగతి వేఱు. గాంధారి కన్నులకు గంత వివాహమునాటిది. ఆమె విరమణము అప్పుడే మొదలైనది, కావున అడవి ఆమెకు కొత్తదేమియు కాదు. కుంతి యట్లు కాదు. కొడుకులు సుఖపడిన పిమ్మట రాజమాతగా నుండవలసిన వేళ ఆమె వెడలినది. ఇట్లు పోవుటకే యైన మమ్ము యుద్ధమున కేల పురికొల్పితివని కొడుకు లడుగగా, మీరు నశింపకుండుటకై పురికొల్పితిని గాని నేను భోగించుటకు కాదు, భర్తతో అనుభవించిన రాజ్యము నాకు చాలును అనెను. సహదేవుని మఱువకుడు, కర్ణుని తలచుచుండుడు అని అప్పగింతలు పెట్టెను. పిమ్మట అడవిలో ఆమె చేసిన పని యేమి? బావగారిని, తోడికోడలిని చేయిపట్టి నడిపించుట. పాండవులు ఆశ్రమమునకు వచ్చిన వేళ వారు యమునకు నీళ్లకు పోయి వచ్చుచుండిరి. ముందు కుంతి ఆ ఇరువురను లాగికొనుచు వచ్చుచుండెను. కొడుకులు వారి కడవలు తామందుకొనిరి. ఇంటిపని చేయువారికి విరమణవయస్సు నిర్ణయించిన శాస్త్రము లేదు. భర్త కొలువు చాలించి యింట కూర్చున్న పిమ్మట భార్యకు పని పెరుగుట మన మెఱిగినదే.

అడవికి పోనివారిని గూర్చియు ఒకింత చెప్పవలెను. పయనమైన వేళ కృపాచార్యుడును యుయుత్సుడును వెంటబోవ నుద్యుక్తులు కాగా ధృతరాష్ట్రుడు వారిని మఱలించి యుధిష్ఠిరునకు అప్పగించెను. రాజు విరమింపవచ్చును, మంత్రి విరమింపవచ్చును, ఆచార్యునకు మాత్రము సెలవు దొరకలేదు. మహాప్రస్థానవేళ పరీక్షిత్తును శిష్యునిగా అప్పగించినది ఈ కృపునకే. మూడు తరముల కురుకుమారులు ఆతనిచేతిమీదుగా పోయిరి. ఉపాధ్యాయులమైన మనము దీనిని గౌరవముగా భావింతుమో శిక్షగా భావింతుమో, ఎవరికి వారు నిర్ణయించుకొనదగినది. ఇక యోధుడు: ఆతని విరమణమును ఆశ్రమవాసపర్వము చెప్పదు, మౌసలము చెప్పును. యాదవస్త్రీలను తోడ్కొనివచ్చు దారిలో దొంగలు పైబడగా అర్జునుడు గాండీవమును అతికష్టముతో ఎక్కుపెట్టెను. అస్త్రములు తలపునకు రాలేదు. తరుగని అమ్ములు తరిగిపోయినవి. శరీరముతో చేయు పనికి శరీరమే సెలవుచీటి యిచ్చును. ఆ చీటి సాధారణముగా అందఱు చూచుచుండగా అందును.

విదురుని కథ ఈ పర్వమునకు శిఖరము. ఆతని వృత్తి మాట. మంచి చెప్పుట, తిరస్కరింపబడుట, మరల చెప్పుట: ఇదియే ఆతని జీవితము. జూదమునాడు చెప్పెను, ఉద్యోగపర్వమున రాత్రియంతయు చెప్పెను, కొలువున అవమానింపబడెను. పదునైదేండ్ల ధర్మరాజపాలనమున మాత్రము ఆతని నీతివలన అల్పవ్యయముతో గొప్ప కార్యములు నెఱవేఱినవని కవి చెప్పును. మాట చెల్లిన ఆ కాలమును విడిచి, ఆతడు మాట చెల్లని రాజువెంట అడవికి పోయినాడు. భాగీరథీతీరమున మొదటి రాత్రి రాజునకు దర్భశయ్య పఱచినవారు విదురసంజయులు. కాని క్రమముగా విదురుడు దూరమయ్యెను. వాయుభక్షణము చేయుచు, చిక్కి, ఏకాంతారణ్యమున ఎప్పుడో ఎవరికో కనబడుచుండెను. ధర్మరాజు విదురుడేడి యని యడిగిన వేళకే ఆతడు దూరమున కనబడెను: దిగంబరుడు, జటాధారి, ఒడలెల్ల దుమ్ము, నోట రాయి.

నోట రాయి యుంచుకొనుట తాపసుల నియమములలో నొకటి యని వ్యాఖ్యానము చెప్పవచ్చును. కాని జీవితమంతయు నోటితో పనిచేసినవాడు ఆ నియమమునే ఎన్నుకొనుట యాదృచ్ఛికమని మేము నమ్మజాలము. ధృతరాష్ట్రుడును కడపట నోట రాయి యుంచుకొనెను; ఆతనియందు అది తపోనియమము. విదురునియందు అది రాజీనామా. ఆశ్రమమును, జనమును చూచి ఆతడు వెనుదిరిగి పరుగెత్తెను. యుధిష్ఠిరుడు ఒంటరిగా వెంబడించి, నేను యుధిష్ఠిరుడను, నీకు ప్రియమైనవాడను అని కేకవేసెను. విదురుడు ఒక చెట్టునకు ఆనుకొని నిలిచి, ఒక్క మాటయు పలుకక, రెప్పవాల్పక చూచి, యోగబలముతో అంగమున అంగముగా ఆతని శరీరమున ప్రవేశించెను. ఆతని దేహము చెట్టునకు ఆనుకొనియే నిలిచిపోయినది. ధర్మాంశసంభవులిరువురు ఒకటైరని పౌరాణికులు దీనిని సమర్థింతురు, అట్లే కావచ్చును. కాని కథగా చూచిన, మాటను విననివాని కొలువున బ్రదికిన మంత్రి, మాటను వినువానిలోనికి చొచ్చినాడు. మాటాడుట మానిన పిమ్మటనే ఆతని మాటకు స్థిరనివాసము దొరకినది.

విరమణమును గూర్చి నేటి సమాజశాస్త్రజ్ఞులు రెండు తెఱగుల వాదించినారు. వయస్సు ముదిరినపుడు మనుష్యుడును సమాజమును పరస్పరము తొలగుట సహజమని కమ్మింగ్, హెన్రీ అనువారు 1961లో ప్రతిపాదించిరి. మనుష్యుడు తన పూర్వపు అలవాట్లను, పాత్రలను కొనసాగించుకొనుచునే మార్పునకు ఒదుగునని 1989లో అట్చ్‌లీ వాదించెను. ప్రాచీనకావ్యమును ఈ తూనికలతో తూచుట మాకు ఇష్టము కాదు. అయినను విదురుడు మొదటివారికి ఉదాహరణముగా కనబడుచుండగా, రెండవవానికి ఉదాహరణము అదే ఆశ్రమమున నుండుట చూచి ఆశ్చర్యపడక తప్పదు. ఆతడు సంజయుడు.

సంజయుడు సూతుడు, చూచి చెప్పుట ఆతని వృత్తి. యుద్ధారంభమున వ్యాసుడు ధృతరాష్ట్రునకు దివ్యదృష్టి నిచ్చెదననగా, జ్ఞాతివధను చూడజాలనని ఆతడు వలదనెను. అపుడు ఆ దృష్టి సంజయునకు లభించినది. పదునెనిమిది దినముల యుద్ధము రాజునకు సంజయుని నోటనే జరిగినది. కొడుకు లొక్కొక్కరే కూలిన వార్త చెప్పినవాడును ఆతడే. అట్టివాడు అడవిలో ఏమిచేసెను? మిట్టపల్లములందు రాజును నడిపించెను. ఇచ్చట గుంట, ఇచ్చట ఱాయి అని చెప్పుటయు చూచి చెప్పుటయే గదా! విషయము చిన్నదైనది కాని వృత్తి మాఱలేదు. పాండవులు వచ్చినపుడు తాపసులకు వారిని పరిచయము చేసినవాడును ఆతడే: బంగారువన్నె దేహమువాడు, సింహమువలె ఎదిగినవాడు యుధిష్ఠిరుడు, మదగజగమనుడు ఈ భీముడు, వీరు ఇట్టివారు, ఈ స్త్రీలు ఇట్టివారు అని. యుద్ధమున ఆయుధములు పట్టియున్నవారిని వర్ణించిన నోరే, శోకించుచు నిలిచిన వారిని వర్ణించినది. ప్రక్కన గ్రుడ్డిరాజు వినుచున్నాడు. ఆశ్రమవాసపర్వమున మాకు అన్నిటికంటె నచ్చిన సన్నివేశమిది.

పుత్రదర్శనఘట్టమున సంజయునకు ఒక పరీక్ష వచ్చినది. వ్యాసుని తపోమహిమచేత యుద్ధమృతులందఱు గంగాజలమునుండి వెడలి ఒకరాత్రి బంధువులతో గడపిరి. ఆ రాత్రి ధృతరాష్ట్రునకు వ్యాసుడు దృష్టి నిచ్చెను. పుట్టినది మొదలు చూడని కొడుకులను ఆతడు తన కన్నులతో చూచెను. ఒకనాడు వలదన్న దృష్టిని ఈనాడు గ్రహించెను. ఆ రాత్రి సంజయుడు చెప్పవలసినదేమియు లేదు. అట్టి వేళ అట్టివాని మనస్సు ఎట్లుండెనో కవి చెప్పలేదు. చెప్పి యుండిన బాగుండెడిదని మా యభిప్రాయము. మూలకర్త విడిచిన ఖాళీలను విమర్శకుడు తన ఊహతో నింపరాదు, కాని ఖాళీ యున్నదని చూపుట తప్పు కాదు. తెల్లవాఱునప్పటికి మృతులు మరల గంగలో మునిగిరి. రాజు మరల గ్రుడ్డివాడయ్యెను, సంజయుడు మరల ఆతని చేయి పట్టుకొనెను.

రెండేండ్లు గడచినపిమ్మట నారదుడు హస్తినాపురమునకు వచ్చి చెప్పిన కథ తక్కినది. గంగాద్వారమున రాజు వాయువునే ఆహారముగా కొనెను. గాంధారి నీటితో బ్రదికెను. కుంతి నెలకొకసారి తినెను. సంజయుడు ఆఱవపూటకొకసారి తినెను. ఈ లెక్కను పరిహాసముగా చూడరాదు. నలుగురిలో ఎక్కువ తిన్నవాడు సంజయుడు. ఏలయన ఆతడు నడువవలెను, మఱియొకని నడిపింపవలెను. తపస్సునందును పనిగలవాని కొలత వేఱు.

ఒకనాడు అడవి నలుదెసల అంటుకొనెను. ఉపవాసములచేత కదలలేని రాజు, అగ్ని లేనిచోటికి నీవు పొమ్ము, మేమిచ్చటనే పరమగతి పొందుదుము అని సంజయునితో చెప్పెను. వృథాగ్నిచేత మరణము నీకు తగదు, తప్పించుకొను మార్గమును కనను, ఏమి చేయుదును అని సంజయుడు తల్లడిల్లెను. ఇల్లువిడిచినవారికి నీరు, నిప్పు, గాలి, ఉపవాసము ఏదైనను ప్రశస్తమే, పొమ్ము, ఆలస్యము వలదు అని రాజు తూర్పుమొగమై గాంధారీకుంతులతో కూర్చుండెను. ఆ నిప్పు వృథాగ్ని కాదనియు, ఆ రాజుయొక్క హోమాగ్నులనే యాజకులు నిర్జనవనమున విడిచిపోగా అవియే పెరిగి దావాగ్ని యైనవనియు నారదుడు పిమ్మట ధర్మరాజును ఓదార్చును. నగరమున పదునైదేండ్లు, వనమున మూడేండ్లు, ఇది ధృతరాష్ట్రుని యుద్ధోత్తరజీవితపు లెక్క.

రాజు ఇచ్చిన కడపటి ఆజ్ఞ సంజయుని పంపివేయుట. సూతుని విడుదల చేసినవాడు ఆతని యజమానుడే. సంజయుడు వారికి ప్రదక్షిణము చేసి, ఆత్మను యోగమున నిలుపుడని రాజుతో చెప్పి, నిప్పు దాటి బయటపడెను. నారదుడు ఆతనిని గంగ యొడ్డున తాపసుల నడుమ చూచినాడట. అప్పుడును ఆతడు చెప్పుచుండెను. రాజు ఎట్లు కూర్చుండెనో, రాణులు ఎట్లు కూర్చుండిరో, మంట ఏ దిక్కునుండి వచ్చెనో, అన్నియు పూసగ్రుచ్చినట్లు నివేదించెను. పిమ్మట వారివద్ద సెలవు గైకొని హిమవంతమునకు పోయెను. అక్కడ ఆతడు చూచినదేమో ఎవరికిని చెప్పినట్లు భారతమున లేదు.